తుపాకి దించమన్నవాడు

1952 తొలి సాధారణ ఎన్నికల్లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మనిషి నల్లగొండ నుంచి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున నిలబడ్డ రావి నారాయణరెడ్డి. ఆయనకు 3,09,162, నెహ్రూకు 2,33,571. ఇద్దరివీ ద్విసభ్య నియోజకవర్గాలే. ఈ లెక్క తెలంగాణలో చాలామందికి కంఠతా వచ్చు. అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఓట్లకు ముందు మూడేళ్ల పాటు ఆయన మాట సొంత కమ్యూనిస్టు పార్టీలో చెల్లలేదు. 1947 సెప్టెంబర్ 11న బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి నిజాం మీద ఆయుధం పట్టమని పిలుపునిచ్చిన ముగ్గురిలో ఆయనొకరు. ఏడాది తిరిగి, భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చాక, ఇక ఆ ఆయుధాన్ని దించుదామన్నదీ ఆయనే.

ఈ విషయం మీద మా ఇంట్లో ఇద్దరికి పడదు. మా నాయిన భువనగిరి తాలూకాలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. మా చిన్నాయిన బిడ్డ హైదరాబాదులో వకీలు, పౌరహక్కుల కేసులు చూస్తుంది. 2025 అక్టోబర్‌లో మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించిన వార్త వచ్చిన నాటి నుంచి వాదన మళ్లీ ముదిరింది. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాస్తున్నాను. ఊరుకోలేని చోట నేనూ కల్పించుకున్నాను.

చెల్లె: పెద్దనాయినా, పిలుపు ఇచ్చేటప్పుడు ఊరూరు తిరిగి ఇచ్చిండ్రు. ఆపుదామనేటప్పుడు ఏ ఊరినన్న అడిగిండ్రా?

నాయిన: అడగలే. అడిగే వీలు ఏడున్నది బిడ్డా? నాయకులు సగం మంది జైల్ల, సగం మంది అడవుల. కని నువ్వు రెండు సంగతులు కలగలుపుతున్నవ్. ఆపిన తీరు వేరు, ఆపాలె అన్న మాట వేరు. 1948ల నారాయణరెడ్డి అన్న మాట తప్పా ఒప్పా, ముందు అది చెప్పు.

చెల్లె: తప్పే. సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిండు. మంచిదే. సైన్యం వెనక ఎవరొచ్చిండ్రు? గడీలిడిచి పట్నం పారిపోయిన దొరలు టోపీలు మార్చుకొని మల్ల ఊర్లల్ల దిగిండ్రు. ఆంధ్రమహాసభ సంగం పంచిన భూములు మావేనన్నరు. ఆ భూమి దున్నుకుంటున్న రైతుకు తుపాకి తప్ప ఏం దిక్కున్నది? ఆయనకు తుపాకి దించు అని చెప్పుడంటె భూమి ఇడిచిపెట్టు అని చెప్పుడే.

నాయిన: భూమి సంగతే మాట్లాడుదం. సంగం మొదట పెట్టిన పరిమితి 500 ఎకరాలు. తర్వాత 200 చేసిండ్రు. ఆ తర్వాత మెట్ట 100, తరి 10. 500 అన్న నాడు ఊర్ల దొర ఒక్కడు అటు, ఊరంత ఇటు. వందకు దిగినంక, నిన్నటిదాక దళానికి అన్నం పెట్టిన పెద్దరైతు జంకిండు. నిజాం పోయిండు గనుక ఆయనకు ఇంక సంగం అవసరం కూడ తీరిపోయింది. పార్టీ నాయకుడు సుందరయ్య రాసిన పుస్తకంల సుత ఈ మార్పు కనబడ్తది. నారాయణరెడ్డి చూసింది ఇదే. కొట్లాడేటోళ్లు తగ్గుతున్నరు, ఎదుటి సైన్యం పెరుగుతున్నది.

చెల్లె: పెద్దరైతు పోతె పోనీయ్. కూలోడు ఉన్నడు గద.

నాయిన: భైరాన్‌పల్లి పోయినవా ఎన్నడన్న?

చెల్లె: పోయిన. బురుజు చూసిన.

నాయిన: ఆ బురుజు మీద కాపలా ఉన్నోళ్లు ఎవరు? ఒక్క కులమా, ఒక్క వర్గమా? ఊరు ఊరంత. కింద ఆడోళ్లు రాళ్లు, వడిసెలలు అందిస్తుంటె, పైన భరమార్ తుపాకులు పట్టుకొని మొగోళ్లు. భరమార్‌ల మందు కూరాలె, గజంతోని దంచాలె, అప్పుడు ఒక్కటి పేలుతది. ఆ తుపాకులతోనే నిజాం దిక్కు రజాకార్లను తరిమికొట్టిండ్రు. అందుకే పగబట్టి 1948 ఆగస్టు 27న తెల్లారకముందే ఊరి మీద పడ్డరు. ఎనభై మందికి పైగ చంపిండ్రు, వరసల నిలబెట్టి కాల్చిండ్రు. మూడు వారాలకు నిజాం లొంగిండు. భారత సైన్యం వచ్చిందంటె అటువంటి ఊర్లు ఎదురుపోయి దండలేసినయ్. దండలేసిన చేతులకు మరునాడు మల్ల భరమార్ ఇచ్చి, ఇగో వీళ్లనే కాల్చు అంటె ఎట్ల కాలుస్తరు?

ఇక్కడ నేనొక మాట అనాలి. భరమార్ అనే ఆ తుపాకిని జిల్లాలో కొందరి ఇళ్లలో చూశాను. ఒకసారి పేల్చి మళ్లీ మందు కూరే లోపు గుర్రం మీద వచ్చే మనిషి మీద పడిపోతాడు. రజాకార్ల గుంపును అది ఆపగలిగిందంటే వెనక ఊరంతా ఉండబట్టే. స్టెన్ గన్నులు, వైర్‌లెస్ సెట్లు, జీపులు ఉన్న సైన్యం ముందు అది ఎంతసేపు నిలుస్తుందో లెక్క వేయడానికి సైనిక విద్య అక్కరలేదు. ఆ లెక్క బయటికి చెప్పడానికి మాత్రం గుండె కావాలి.

చెల్లె: దండలు ఎన్నాళ్లు పెద్దనాయినా? జనరల్ చౌదరి మిలిటరీ గవర్నర్ అయిండు. నల్లగొండ, వరంగల్‌కు నంజప్ప స్పెషల్ కమిషనర్. అడవుల కోయగూడేలు ఖాళీ చేయించి, కాల్చి, మనుషులను క్యాంపులల్లకు తోలిండ్రు. సుందరయ్య లెక్క చెప్పిండు గద, మొత్తం పోరాటంల నాలుగు వేల మంది పోయిండ్రు, పది వేలకు పైగ మంది మూడు నాలుగేండ్లు జైళ్లల్ల, క్యాంపులల్ల మగ్గిండ్రు. అట్ల మీద పడ్డోళ్లను ఎదిరించొద్దని చెప్పినోడిని ఏమనాలె?

నాయిన: నువ్వు చెప్పిన లెక్కనే నేను నా దిక్కు పెట్టుకుంట. ఆ చావులల్ల సైన్యం వచ్చినంక పోయినోళ్లు ఉన్నరు. ఆ క్యాంపులు సైన్యం వచ్చినంక పెట్టినవే. 1948ల ఆపితె ఆ గూడేలు ఎందుకు కాలుతయ్?

చెల్లె: ఆపితె కాలవని నీకు రాసిచ్చిందెవరు? ఆపితె దొర ఊకుంటుండెనా?

నాయిన: రాసియ్యలే ఎవ్వరు. కాలినయ్ అన్నది మాత్రం నిజం.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఇట్లాంటి చోట వాదన ఆగిపోవడం సహజం. జరగనిదాన్ని జరిగినదానితో తూచడానికి మన దగ్గర తక్కెడ లేదు. కాని రాజకీయ నాయకుడు ప్రతి నిర్ణయం అట్లాగే చెయ్యాలి. చరిత్ర రాసేవాడికున్న వెసులుబాటు ఆయనకు లేదు. నారాయణరెడ్డి విషయంలో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఎదుటి పక్షం హింసను ఖండించడానికి ఏ నాయకుడికీ పైసా ఖర్చు కాదు. నిజాం హింసను, రజాకార్ల హింసను తిట్టినందుకు ఆయనకు సొంత మనుషుల్లో పేరే వచ్చింది. సొంత పక్షం తుపాకి గురించి నోరు విప్పిన రోజున ఆ పేరు పోయింది. ఉద్యమానికి ఊపిరి పోసిన ఆంధ్రమహాసభకు 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో అధ్యక్షుడైన మనిషిని లొంగుబాటువాది అన్నారు. పోరాట విరమణ కోరేవాళ్ల వాదన తప్పని దేవులపల్లి వెంకటేశ్వరరావు (డీవీ) ప్రత్యేకంగా పత్రమే రాశారు.

చెల్లె: డీవీ రాసిన దాంట్ల తప్పేమున్నది? పార్టీల చర్చ గద.

నాయిన: చర్చ అయితె మంచిదే. కని ఎవరి మాట విన్నరు ఆఖరికి? 1948 మార్చిల కలకత్తా మహాసభ పి.సి. జోషీని దించి రణదివెను కార్యదర్శిని చేసింది. 1950ల రణదివె పోయి రాజేశ్వరరావు వచ్చిండు. 1951ల అజయ్ ఘోష్. మూడేండ్లల్ల ముగ్గురు. ఒకరు పట్నాలల్ల సమ్మెలు చెయ్యాలన్నరు, ఒకరు చైనా దారి అన్నరు. అడవిల ఉన్న దళం పిలగానికి ఇవేం ఎరుక? ఆఖరికి 1951ల అజయ్ ఘోష్, డాంగే, రాజేశ్వరరావు, బసవపున్నయ్య నలుగురు రహస్యంగ మాస్కో పోయి స్టాలిన్‌ను కలిసిండ్రు. చైనా వెనక సోవియట్ ఉండె, మీ వెనక ఏ దేశమున్నది అన్నట్టు ఆయన చెప్పిండు. బొల్లేపల్లి మనిషి నారాయణరెడ్డి మూడేండ్ల కింద చెప్పింది అదే గద. మన ఊరోడు చెప్తె లొంగుబాటు. స్టాలిన్ చెప్తె మార్క్సిజం.

చెల్లె: దాంతోని నీ వాదన గెల్వదు పెద్దనాయినా. అది నా వాదన. తెలంగాణ రైతు ప్రాణం మీద నిర్ణయం కలకత్తల చేసిండ్రు, మాస్కోల చేసిండ్రు. రైతును ఎన్నడు అడగలే. ఎత్తమన్నది పైనోళ్లే, దించమన్నది పైనోళ్లే. ఇంకొక మాట చెప్త, కోపం చెయ్యకు. నారాయణరెడ్డి భూస్వామి ఇంట్ల పుట్టిండు. ఆయన లెక్కల నిజాం పోతె సగం పని అయిపోయినట్టే. పాలేరుకు అట్ల కాదు.

నాయిన: కోపమెందుకు. సుందరయ్య అసలు పేరు సుందరరామిరెడ్డి. అలగానిపాడుల భూమి ఉన్న రెడ్ల ఇంట్ల పుట్టిండు. ఆయన కొనసాగించాలన్నడు. పుట్టుక చూసి మాట తూచేది అయితె ఇద్దరికీ ఒకటే తూకం కావాలె. నారాయణరెడ్డి హరిజన సేవా సంఘంల పనిచేసి, దళిత పిల్లలకు హాస్టళ్లు నడిపి రాజకీయాలల్లకు వచ్చిండు. పాలేరు ఎట్ల బతుకుతడో ఆయనకు తెల్వదని అనకు.

చెల్లె: సరే, పుట్టుక ఇడిచిపెడ్త. తీరు గురించి చెప్పు. 1951 అక్టోబర్ 21న ఆపినమని ప్రకటించిండ్రు. సర్కారు కాడ ఒక్క హామీ లేదు. భూమి ఉంటదన్న హామీ లేదు. కేసులు ఎత్తేస్తమన్న హామీ లేదు. నల్లా నర్సింహులు అసుంటోళ్ల మీద ఉరిశిక్షలు ఉండె. లండన్ కెల్లి ప్రిట్ అనే బారిస్టర్ వచ్చి వాదిస్తె, దేశమంత లొల్లి చేస్తె ఆ తర్వాత ఉరి తప్పింది. అప్పటికి ఇంక ఎంతమంది జైళ్లల్ల ఉన్నరు! వకీలుగ చెప్తున్న, ఏ ఒప్పందం లేకుండ ఆయుధం పెట్టుడు అంటె కింద ఉన్నోడిని ఒంటరి చేసుడే. ఆడోళ్ల సంగతి ఇంక అన్యాయం. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు ఊరూరు తిరిగి వాళ్ల మాటలు రాసుకొచ్చి 1986ల "మనకు తెలియని మన చరిత్ర" వేసిండ్రు. చదివినవా?

నాయిన: చదివిన.

చెల్లె: తుపాకి పట్టి, వార్తలు మోసి, అడవిల బిడ్డను కని ఇంకొకరికి ఇచ్చేసిన ఆడిది ఉన్నది దాంట్ల. పోరాటం ఆగినంక ఆమెకు ఏం చెప్పిండ్రు? ఇంటికి పో. ఏ ఇంటికి పోవాలె? మొగోళ్లు అసెంబ్లీకి పోయిండ్రు, ఈమె ఇంటికి పోవాలె. "దించుదాం" అన్న మాటల ఈమె ఏడున్నది?

నాయిన దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. నాకు తెలిసి ఈ వాదనలో ఆమె చెప్పిన బలమైన మాట ఇదే. 1948లో నారాయణరెడ్డి మాట నెగ్గినా ఆ స్త్రీల గతి వేరేగా ఉండేదన్న నమ్మకం నాకు లేదు.

నాయిన: ఆమెకు జరిగింది అన్యాయమే బిడ్డా. దానికి అడ్డం చెప్ప. అది ఆపినందుకు జరగలేదు, ఆపిన తీరులో జరిగింది. మొదలే చెప్పిన గద, అవి రెండు వేరు. ఓట్ల మాట తీస్త. 1952ల జనం ఎవరికి వేసిండ్రు?

చెల్లె: సంగానికి వేసిండ్రు. దొడ్డి కొమురయ్యకు వేసిండ్రు. 1946 జులై 4న కడవెండిల విసునూరు దొర మనుషులు కాల్చి చంపిన ఆ పిలగానికి పడ్డయ్ ఆ ఓట్లు. నారాయణరెడ్డి తుపాకి దించమన్నందుకు పడలే. కేసులు నెత్తిన ఉన్నోళ్లు, భూమి పోయినోళ్లు వేసిండ్రు. ఆ లెక్క చూపెట్టి ఆయన మాట ఒప్పు అంటవా?

నాయిన: అనను. ఓట్లు వచ్చినందుకు ఆయన మాట ఒప్పు కాలేదు. ఓట్లు రాకున్నా అది ఒప్పే ఉండేది. నేను చెప్పేది వేరే. నల్లగొండ రైతు ఓటు పెట్టె కాడ నిలబడ్డడు. పిలుపు ఇచ్చిన ముగ్గురు సుత చట్టసభలకు పోయిండ్రు. నారాయణరెడ్డి నల్లగొండ నుంచి, ఎల్లారెడ్డి కరీంనగర్ నుంచి లోక్‌సభకు, మఖ్దూం హుజూర్‌నగర్ ఉప ఎన్నికల గెలిచి అసెంబ్లీకి. కొనసాగించాలన్న సుందరయ్య రాజ్యసభకు. ఆ దారి 1948ల కూడ ఉన్నదని ఒక్కడు చెప్పిండు, వినలేదు.

చెల్లె: ఆ దారి తెరిచింది తుపాకే. 1949ల జాగీర్లు రద్దు చేసిండ్రు, 1950ల కౌలుదారి చట్టం తెచ్చిండ్రు. దొరల మీద ప్రేమ పోయి తెచ్చిండ్రా? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిల వినోబా భూదానం కోసం కూసుంటె వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిండు. అడవిల దళాలు లేకుంటె ఆ వంద ఎకరాలు వస్తుండెనా?

నాయిన: రాకపోతుండె. ఒప్పుకుంటున్న.

చెల్లె: తరిమెల నాగిరెడ్డి సంగతి చూడు. 1952ల అనంతపురంల నీలం సంజీవరెడ్డినే ఓడించిన మనిషి. చట్టసభలను ఏండ్ల తరబడి చూసి, దీంట్ల ఏం లేదని 1969 మార్చిల శాసనసభకు రాజీనామా ఇచ్చి వచ్చిండు. నీ నాయకుడు తుపాకి నుంచి సభకు పోయిండు, ఈయన సభ నుంచి అటు పోయిండు. ఈయన మాట కూడ అప్పుడు ఎవరికీ నచ్చలే. నచ్చని మాట చెప్పినోడికల్ల దండం పెట్టాలంటె ఈయనకు సుత పెట్టాలె.

నాయిన: పెడ్త. ఎందుకంటె నాగిరెడ్డి అటు పోయినంక సుత తన దిక్కు వాళ్లకు నచ్చని మాటే చెప్పిండు. నక్సలైట్ నాయకుడు చారు మజుందార్ వ్యక్తి సంహారం అంటె ఒప్పుకోలే. జనం లేకుండ దొరను చంపితె విప్లవం కాదన్నడు. మజుందార్ దిక్కోళ్లు ఆయనను దూరం పెట్టిండ్రు. ఎమర్జెన్సీల, 1976ల, అజ్ఞాతంలనే పోయిండు. ఆయన దారి నేను ఒప్పుకోను. కని సొంతోళ్లు తిడ్తరని తెలిసీ మాట మింగలే.

నాగిరెడ్డిని నాయిన ఇంత గౌరవంగా తలవడం నాకూ కొత్తే. హింస మీద ఈ ఇద్దరి తీర్పులూ ఎదురెదురు. అయినా ఇద్దరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఈ తుపాకి వెనక జనం ఉన్నారా? 1947లో ఉన్నారని నారాయణరెడ్డి ఎత్తమన్నాడు, 1948 తర్వాత తగ్గిపోయారని దించమన్నాడు. హింస ఎప్పుడైనా తప్పేనన్నది ఆయన వాదన కాదు. అందుకే అహింసావాదులూ ఆయన్ను పూర్తిగా తమవాడిగా చెప్పుకోలేరు.

చెల్లె: నాకు ఒక్కదానికి జవాబు చెప్పు, ఇంక నేను మాట్లాడ. సంగం దిక్కున తుపాకి దించమన్న నాయకుడు ఒకడు ఉన్నడు. సర్కారు దిక్కున ఎవరున్నరు? నంజప్పను ఆపు, గూడేలు కాల్చకు అని తన సర్కారుకే ఎదురు చెప్పి, తన పార్టీల పేరు పోగొట్టుకున్న కాంగ్రెస్ నాయకుడు ఒక్కడి పేరు చెప్పు. పేరు ఉంటె నేను ఆయనకు సుత దండం పెడ్త.

నాయిన: (చాలాసేపు ఆగి) 2004ల సర్కారుకు, నక్సలైట్లకు నడుమ చర్చలకు శంకరన్ గారు తిరిగిండు.

చెల్లె: శంకరన్ గారు రిటైరైన ఐఏఎస్ అధికారి. నాయకుడు కాదు. ఆ చర్చలు సుత అక్టోబర్ల మొదలై జనవరికి బందైనయ్. నేను నాయకుడి పేరు అడిగిన.

నాయిన: ఇప్పుడు నోటికి వస్తలేదు.

ఈ ప్రశ్నకు నాయిన దగ్గర జవాబు లేకపోవడం నాకు బాధగా ఉంది. ఆయుధం దించాలని చెప్పే ధర్మం తిరగబడ్డవాడి నాయకుడికి ఒక్కడికే ఎందుకు? రాజ్యం తుపాకి కూడా ఒక పక్షం తుపాకే. ఆ పక్షం లోపలి నుంచి కాల్పులు ఆపండని గట్టిగా అనే నాయకుడు పుట్టనంత కాలం, అవతలి పక్షంలో ఆ మాటన్నవాడు ఎప్పుడూ ద్రోహిగానే కనిపిస్తాడు. తన మనిషి తుపాకి దించాడు, ఎదుటివాడు దించలేదు అని జనం చూస్తారు గదా. 2025లో చర్చలు జరపమన్నవాళ్లకు ఒక దిక్కు నుంచి నక్సల్ సానుభూతిపరులన్న పేరొచ్చింది. ఆయుధం వదిలిన మల్లోజులను రెండో దిక్కు ద్రోహి అంది.

నా తీర్పు ఇది. రావి నారాయణరెడ్డి 1948 తర్వాత చెప్పింది సరైన మాట. పార్టీ దాన్ని అప్పుడే వినాల్సింది. వినకపోవడం వల్ల పోయిన ప్రాణాల బాధ్యత కొనసాగించమన్న నాయకులదీ, ఆ ప్రాణాలు తీసిన ప్రభుత్వానిదీ. చెల్లె చెప్పినట్టు, ఏ హామీ లేకుండా విరమించి కింది వాళ్లను వాళ్ల మానాన వదిలెయ్యడం ఆ పార్టీ చేసిన రెండో తప్పు.

నల్లగొండ, వరంగల్, ఖమ్మం ఊళ్లలో అమరుల స్తూపాలు నిలబెట్టే సంఘాలకు ఒక విన్నపం. రజాకార్ల చేతిలో పోయినవారినీ, సైన్యం చేతిలో పోయినవారినీ ఒకే వరసలో పేర్లు మాత్రం చెక్కి వదలకండి. ప్రతి పేరు పక్కన ఏ నెల, ఏ సంవత్సరం, ఎవరి చేతిలో పోయారో చెక్కించండి. స్త్రీల పేర్లు వెతికి చేర్చండి. తేదీలు తెలిసిన ముసలివాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు, వాళ్లను ఈ ఏడాదే అడగండి.